దిక్సూచి, రాగి తీగ, రెండు సెల్లు: 1820–31 నాటి ప్రయోగాలను ఇంట్లో చేయడం ఎలా

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి సూది తిరుగుతుందని పదో తరగతి చదివిన వారందరికీ తెలుసు. అయినా పుస్తకం మూసి ఇంట్లో చేయబోతే సూది ఉలకదు, పలకదు. సెల్లు అయిపోయిందేమోనని కొత్తది తెస్తారు, తీగ మారుస్తారు, చివరికి విసుగొచ్చి వదిలేస్తారు. చాలాసార్లు లోపం ఆ వస్తువులలో ఉండదు, వాటిని అమర్చిన తీరులో ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తన బ్యాటరీ సంగతిని 1800లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం ద్వారా తెలియజేసిన తరువాత, కరెంటుకూ అయస్కాంతానికీ ఉన్న సంబంధం లోకానికి రూఢి కావడానికి 20 ఏళ్ళు పట్టింది. అయస్కాంతంతో కరెంటును పుట్టించడానికి ఆపైన మరో 11 ఏళ్ళు పట్టింది. మొదటి ప్రయోగంలో తీగ దిశను, చివరి ప్రయోగంలో సూది కదిలే క్షణాన్ని పట్టుకోగలిగితే, ఆ కాలపు ప్రయోగాలలో ముఖ్యమైనవాటిని మీరు ఒక ఆదివారం మధ్యాహ్నంలో పూర్తి చేయగలరు.

సామగ్రి

మోటారు వైండింగ్ చేసే దుకాణంలో 26 గేజ్ ఎనామెల్ రాగి తీగ (కరెంటును బయటకు పోనివ్వని సన్నని పూత ఉన్న తీగ) 100 గ్రాములు అడగండి. అది 60 మీటర్లకు పైగా వస్తుంది కాబట్టి అన్ని ప్రయోగాలకూ సరిపోతుంది. మూడు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న దిక్సూచి, టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు రెండు, ఇళ్ళ వైరింగుకు వాడే మందపాటి రాగి వైరు ఒక మీటరు, రెండు వైర్లు కలిసి ఉండే మామూలు వైరు మూడు మీటర్లు, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్, ఒక ఇనుప బోల్టు, గరుకు కాగితం, బట్టల క్లిప్పులు, రెండు సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ పైపు ముక్క, ఒక బలమైన అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. పైపులోకి దూరే స్థూపాకారపు నియోడిమియం అయస్కాంతమైతే మేలు. అటువంటి అయస్కాంతాలను చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం కాబట్టి, వాటిని లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి దాచండి.

గోడ సాకెట్ కరెంటునూ ఇన్వర్టర్ బ్యాటరీనీ ఈ ప్రయోగాలలో ఎక్కడా వాడకూడదు. రీఛార్జి సెల్లులు కూడా వద్దు, ఎందుకంటే వాటి రెండు కొనలనూ నేరుగా కలిపితే వచ్చే కరెంటు చేతిని కాల్చేంత ఎక్కువగా ఉంటుంది. 1821లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే తీగను అయస్కాంతం చుట్టూ గుండ్రంగా తిప్పిన ప్రయోగం చూడముచ్చటైనదే అయినా, ఆయన అందులో పాదరసం వాడారు. ఇంట్లో పాదరసం తెరవడం మంచిది కాదు కాబట్టి ఆ ప్రయోగాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

ముందుగా బల్లను పరీక్షించండి

దిక్సూచిని బల్ల మీద ఒకచోట పెట్టి, సూది నిలిచాక దాని దిశలో సుద్దముక్కతో ఒక గీత గీయండి. తరువాత దిక్సూచిని ఆ బల్ల మీదే నాలుగైదు చోట్లకు జరిపి, ప్రతిచోటా సూది ఆ గీతకు సమాంతరంగానే నిలుస్తోందో లేదో చూడండి. ఒక్కోచోట ఒక్కో దిక్కు చూపిస్తే దగ్గరలో ఎక్కడో ఇనుము ఉన్నట్టే. నేను మొదటిసారి ఈ ప్రయోగాన్ని ఇనుప బీరువా పక్కన వేసిన బల్ల మీద చేసి, సూది కరెంటుకు తిరుగుతోందో బీరువాకు తిరుగుతోందో తేల్చుకోలేక ఒక పూటంతా పోగొట్టుకున్నాను. చెక్క బల్లను గది మధ్యకు లాగి, కత్తెర, ఫోను, సెల్లులు సూదికి కనీసం అర మీటరు దూరంలో ఉంచితే ఈ చిక్కు తీరిపోతుంది. చాలా సెల్లుల పైతొడుగు ఉక్కుతో చేసినదే కాబట్టి అవి కూడా సూదిని లాగుతాయి.

మొదటి ప్రయోగం: 1820, కోపెన్‌హాగన్

డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ 1820 వసంతంలో ఉపన్యాసం ఇస్తూ ఉండగా, కరెంటు పారుతున్న తీగ దగ్గర సూది కొద్దిగా కదలడాన్ని గమనించారు. తీగ వేడెక్కి వెలిగితేనే ప్రభావం కనిపిస్తుందన్న ఊహతో ఆయన అప్పుడు సన్నని ప్లాటినం తీగ వాడారు. సన్నని తీగలో కరెంటు తక్కువగా పారుతుంది కాబట్టి కదలిక కూడా అంతంతమాత్రంగానే కనిపించింది. వేసవిలో పెద్ద బ్యాటరీతో మళ్ళీ ప్రయోగాలు మొదలుపెట్టాక మందపాటి తీగే మేలని ఆయన గ్రహించారు. మీరు సన్నని ఎనామెల్ తీగను పక్కన పెట్టి, ఇంటి వైరింగుకు వాడే మందపాటి వైరుతో మొదలుపెట్టవలసినది అందుకే.

ఆ వైరు రెండు కొనల దగ్గర ప్లాస్టిక్ తొడుగు తీసేయండి. మధ్యభాగాన్ని తిన్నగా సాగదీసి, సూది మీదుగా, సూదికి సరిగ్గా సమాంతరంగా, అంటే ఉత్తర దక్షిణాలుగా, సూదికి ఒక సెంటీమీటరు ఎత్తులో పట్టుకోండి లేదా రెండు పుస్తకాల మీద ఆన్చండి. సూది పూర్తిగా నిలకడగా ఉన్నప్పుడు, దూరంగా ఉంచిన ఒక సెల్లుకు వైరు రెండు కొనలనూ ఆన్చండి. రెండు, మూడు సెకన్లకు మించి ఉంచవద్దు. వైరు, సెల్లు త్వరగా వేడెక్కుతాయి, సెల్లు కూడా వృథాగా అయిపోతుంది. ఆ రెండు సెకన్లలోనే సూది తీగ కింది నుంచి పక్కకు తప్పుకుని, అడ్డంగా తిరగబోతున్నట్టు ఊగుతుంది.

ఇప్పుడు దిశ చూడండి. కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే సెల్లు ప్లస్ కొన దక్షిణం వైపు కొనకు తగిలేలా పారుతూ, తీగ సూదికి పైన ఉంటే, సూది ఉత్తర కొన పడమరకు తిరుగుతుంది. సెల్లును తిరగేస్తే తూర్పుకు తిరుగుతుంది. సెల్లును మార్చకుండా తీగను సూదికి పై నుంచి కిందికి మార్చినా తూర్పుకే తిరుగుతుంది. ఆయిర్‌స్టెడ్‌ను ఆశ్చర్యపరిచింది ఇదే. అంతవరకూ తెలిసిన బలాలన్నీ ఒక వస్తువును తమ వైపు లాగడమో, దూరంగా నెట్టడమో చేసేవి. ఈ బలం మాత్రం తీగ చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టుగా సూదిని అడ్డంగా తిప్పింది.

తరువాత తీగను తూర్పు పడమరలుగా, సూదికి అడ్డంగా పెట్టి మళ్ళీ ఆన్చండి. కరెంటు పడమర నుంచి తూర్పుకు పారుతుంటే సూది అసలు కదలదు, ఎందుకంటే తీగ బలం కూడా భూమి బలంతో కలిసి సూదిని ఉత్తరానికే పట్టి ఉంచుతుంది. తూర్పు నుంచి పడమరకు పారినప్పుడు తీగ బలం భూమి బలం కంటే తక్కువైతే సూది అలాగే ఉండిపోతుంది, ఎక్కువైతే ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది. కరెంటు అంతే, తీగ అదే, కానీ అమరిక మారేసరికి ప్రయోగం విఫలమైనట్టు కనిపిస్తుంది. సూది కదలలేదని నన్ను అడిగిన ప్రతివారినీ నేను ముందుగా అడిగేది, తీగ ఏ దిక్కుకు పెట్టారనే.

తీగకూ సూదికీ మధ్య గాజు పలక, చెక్క ముక్క, నీళ్ళు పోసిన రాగి పళ్ళెం ఒకదాని తరువాత ఒకటి అడ్డం పెట్టి చూడండి. సూది తిరగడం ఆగదు. ఆయిర్‌స్టెడ్ గాజు, లోహాలు, చెక్క, నీరు, లక్క వంటివి, రాళ్ళు కూడా అడ్డం పెట్టి పరీక్షించారు. ఇత్తడి సూది, గాజు సూది పెట్టి అవి కదలవని కూడా నిర్ధారించుకున్నారు. ఈ వివరాలన్నిటినీ లాటిన్‌లో నాలుగు పేజీలలో అచ్చు వేయించి, 1820 జులై 21 తేదీతో యూరప్ పండితులకు పంపారు.

ఇక్కడ మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తీగ బలం సూదిని పక్కకు లాగితే, భూమి అయస్కాంత బలంలోని క్షితిజ సమాంతర భాగం దానిని ఉత్తరానికి లాగుతుంది. కోపెన్‌హాగన్‌లో ఆ భాగం సుమారు 17 మైక్రోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) కాగా, అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న హైదరాబాదులో సుమారు 40 ఉంటుంది. అంటే మన దగ్గర సూదిని కదిలించడం ఆయిర్‌స్టెడ్‌కు కంటే రెండింతలకు పైగా కష్టం. తీగకు సెంటీమీటరు దూరంలో 2 ఆంపియర్ల కరెంటు కలిగించే బలం కూడా సరిగ్గా 40 మైక్రోటెస్లాలే కాబట్టి, హైదరాబాదులో ఆ కరెంటుకు సూది సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. అదే కరెంటుకు కోపెన్‌హాగన్‌లో దాదాపు 67 డిగ్రీలు తిరుగుతుంది. సూది మీకు 20 డిగ్రీలే తిరిగితే చిన్నబుచ్చుకోకుండా, తీగను మరి కాస్త దగ్గరకు తెచ్చి చూడండి.

సూదిని కొలత పరికరంగా మార్చడం

ఆయిర్‌స్టెడ్ పత్రం వెలువడిన కొద్ది నెలలలోనే జర్మనీలోని హాలే పట్టణంలో ష్వైగర్ ఒక చిన్న కిటుకు కనిపెట్టారు. తీగ సూది పైన ఉత్తరానికి వెళ్ళి, వంగి, సూది కింద దక్షిణానికి తిరిగివస్తే, పై తీగ, కింది తీగ రెండూ సూదిని ఒకే వైపు తిప్పుతాయి. స్థానం మారింది, దిశ కూడా మారింది కాబట్టి ఫలితం మారదు. అలా ఎన్ని చుట్లు వేస్తే బలం అన్ని రెట్లవుతుంది. చివరి ప్రయోగానికి ఈ పరికరం తప్పనిసరి కాబట్టి దీనిని ఓపికగా చేయండి.

దిక్సూచి చుట్టూ సరిపోయేలా దళసరి అట్టతో పైనా కిందా మూసి, రెండు పక్కలా తెరిచి ఉండే పెట్టెలా మడవండి. పెట్టె పైనుంచి కిందికి ఎనామెల్ తీగ 25 చుట్లు వేసి, మధ్యలో సూది కనిపించడానికి ఒక వేలు వెడల్పు సందు వదిలి, అదే దిశలో మరో 25 చుట్లు వేయండి. సందు దాటేటప్పుడు చుట్టే దిశ పొరపాటున మారితే, రెండు సగాలూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. తీగ రెండు కొనలనూ రెండేసి సెంటీమీటర్ల మేర గరుకు కాగితంతో నాలుగు వైపులా గీకండి. ఎనామెల్ రాగి రంగులోనే ఉంటుంది కాబట్టి అది పోయిందో లేదో చూపుకు తెలియదు. గీకిన చోట రాగి గులాబీ ఛాయలో తళుక్కుమంటేనే పని అయినట్టు. సూది చలించకుండా నిలిచిన తరువాత, చుట్లు సూదికి సమాంతరంగా వచ్చేలా పెట్టెను తిప్పి అక్కడే టేపు అంటించండి.

పరీక్షించడానికి దీనిని సెల్లుకు కలపవద్దు, సూది గిర్రున తిరిగి ఏమీ తెలియకుండా పోతుంది. ఒక నిమ్మకాయను మెత్తగా నలిపి, అందులో రాగి తీగ ముక్కనూ జింకు పూత ఉన్న మేకునూ ఒకదానికొకటి తగలకుండా దగ్గర దగ్గరగా గుచ్చి, పరికరం కొనలను వాటికి తగిలించండి. అందులో పుట్టే కరెంటు ఒకటి రెండు మిల్లీఆంపియర్లే అయినా సూది కొన్ని డిగ్రీలు జరుగుతుంది. నిమ్మకాయ ఆడించిన సూదిని చూశాక, పరికరం మీద మీకు నమ్మకం కుదురుతుంది.

ఆంపియర్ పక్షం రోజులు

జెనీవాలో ఆయిర్‌స్టెడ్ ప్రయోగాన్ని కళ్ళారా చూసి వచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో, 1820 సెప్టెంబరు 11న పారిస్‌లోని సైన్సు అకాడమీలో దానిని చేసి చూపారు. అక్కడ ఉన్న మరో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ వారం తిరిగేసరికి తన మొదటి ఫలితాలను, సెప్టెంబరు 25న రెండు కరెంటుల మధ్య పనిచేసే బలాన్ని అకాడమీ ముందుంచారు. అయస్కాంతం ఊసే లేకుండా రెండు తీగలు ఒకదానినొకటి లాగుతాయని చూపడం ఆయన సాధించిన గొప్పతనం.

దీనికి తీగలకంటే అల్యూమినియం ఫాయిల్ బాగా పనికొస్తుంది. అర సెంటీమీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు పట్టీలను కత్తిరించి, వాటిని అర సెంటీమీటరు ఎడంలో, కొద్దిగా వదులుగా, నిలువుగా బట్టల క్లిప్పులతో బిగించండి. ఫాన్ ఆపేయండి. కింది కొనలు రెండింటినీ కలిపి, రెండు సెల్లులను వరుసగా పేర్చి పై కొనలకు ఆన్చితే, కరెంటు ఒక పట్టీలో దిగి మరొకదానిలో ఎక్కుతుంది. పట్టీలు చటుక్కున ఎడంగా జరుగుతాయి. రెండింటిలోనూ కరెంటు ఒకే దిశలో పారాలంటే, మొదటి పట్టీ కింది కొన నుంచి ఒక వైరును దూరంగా తిప్పి రెండవ పట్టీ పై కొనకు కలపండి. అప్పుడు పట్టీలు ఒకదాని వైపు మరొకటి వంగుతాయి. పై కొనలు రెండూ ప్లస్‌కు, కింది కొనలు రెండూ మైనస్‌కు కలపడం తేలికే కానీ, అప్పుడు కరెంటు రెండుగా చీలిపోతుంది. చీలిన కరెంటు సగమే కాబట్టి పట్టీల మధ్య బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోయి, కంటికి అందకపోవచ్చు.

సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బడిలో వల్లె వేసినవారు ఇక్కడ తడబడతారు. ఆవేశాల సంగతి అది. ఒకే దిశలో పారే కరెంటులు ఆకర్షించుకుంటాయి.

ఇనుమును నిద్రలేపడం

ఈ భాగం చాలామంది చిన్నప్పుడే చేసి ఉంటారు కాబట్టి త్వరగా ముగిస్తాను. ఇనుప బోల్టు మీద ఒక పొర కాగితం చుట్టి, ఎనామెల్ తీగను 100 చుట్లు బిగువుగా వేసి, కొనలు గీకి సెల్లుకు ఆన్చితే గుండుసూదులు గుత్తిగా వేలాడతాయి. 1820లో ఎనామెల్ తీగలు లేవు. ఇంగ్లండులో స్టర్జన్ 1820ల మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో వంచిన ఇనుముకే వార్నిష్ పూసి, దాని మీద పూత లేని రాగి తీగను చుట్టు చుట్టుకూ తగలకుండా 18 చుట్లు వేశారు. ఆ 200 గ్రాముల ఇనుము సుమారు నాలుగు కిలోల బరువును మోసింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు చుట్టి, పొరల మీద పొరలు వేసి, 1831 నాటికి 900 కిలోలకు పైగా ఎత్తగల అయస్కాంతాన్ని తయారుచేశారు. తీగకు తొడుగు వేయడమనే చిన్న పని ఇంత తేడా తెచ్చింది. మీ బోల్టును విప్పి పక్కన పెట్టవద్దు, దానితో ఇంకా పని ఉంది.

కరెంటును అయస్కాంతంతో పుట్టించడం

కరెంటు అయస్కాంతత్వాన్ని ఇస్తుంటే, అయస్కాంతం కరెంటును ఇవ్వదా అన్న ప్రశ్న 1820ల పొడవునా ఎందరినో వేధించింది. 1825లో జెనీవాలో కొలాడాన్ తీగచుట్టలోకి పెద్ద అయస్కాంతాన్ని దూర్చి చూశారు. ఆ అయస్కాంతం సూదిని నేరుగా కదిలించకూడదని జాగ్రత్తపడి, గాల్వనామీటర్‌ను, అంటే మీ పెట్టెలాగే సూదితో కరెంటును చూపే పరికరాన్ని, వేరే గదిలో పెట్టారు. అయస్కాంతాన్ని చుట్టలో ఉంచి, ఆ గదికి నడిచి వెళ్ళి చూసేసరికి సూది సున్నా దగ్గరే నిలిచి ఉంది. అయస్కాంతం కదులుతున్నంతసేపే కరెంటు పుడుతుంది కాబట్టి, ఆయన గడప దాటేలోపే అంతా ముగిసిపోయింది. ఆయన జాగ్రత్త సరైనదే, అందుకే ఈ కథ నాకు ఎప్పుడూ జాలి కలిగిస్తుంది. ఆ గదిలో మరొక మనిషిని కూర్చోబెట్టి ఉంటే చాలు. మీరు ఫోను కెమెరాను సూది మీద గురిపెట్టి, దానికి అర మీటరు దూరంలో నిలిపి ఉంచితే ఆ మనిషి లోటు తీరుతుంది.

పీవీసీ పైపు ముక్క మీద ఎనామెల్ తీగను 300 చుట్లు వేయండి. దాని కొనలను మూడు మీటర్ల జంట వైరుతో మీ పరికరానికి కలపండి, కానీ మొదట ఒక కొనను విప్పి ఉంచండి. ఈ స్థితిలో అయస్కాంతాన్ని పైపులోకి వేగంగా దూర్చి తీయండి. సూది కదిలితే అయస్కాంతం దానిని నేరుగా లాగుతున్నట్టే కాబట్టి, చుట్టను ఇంకా దూరంగా జరపండి. సాధారణంగా రెండు మీటర్ల దూరం చాలు. ఈ పరీక్ష చేయకుండా ముందుకు వెళితే, తరువాత మీరు చూసేది ఏమిటో మీకే తెలియదు.

ఇప్పుడు కొన కలిపి మళ్ళీ దూర్చండి. సూది ఒక వైపు చిన్నగా ఎగిరి, వెనక్కి వచ్చి ఆగుతుంది. అయస్కాంతం చుట్టలోనే ఉన్నా సూది సున్నా దగ్గరే ఉంటుంది. బయటకు లాగితే రెండవ వైపు ఎగురుతుంది. ఫారడే 1831 అక్టోబరు 17న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చూసినది ఇదే. మీ సూది మరీ కొద్దిగా కదులుతుంటే ఊయల ఊపినట్టు చేయండి. సూది ఒక వైపు వెళ్తున్నప్పుడు అయస్కాంతాన్ని దూర్చి, తిరిగి వస్తున్నప్పుడు లాగండి. నాలుగైదు సార్లు లయ కుదిరితే ఊపు పెరిగి స్పష్టంగా కనిపిస్తుంది.

అంతకు ఏడు వారాల ముందు, ఆగస్టు 29న, ఫారడే అయస్కాంతమే లేకుండా దీనిని సాధించారు. ఆరు అంగుళాల ఇనుప కడియానికి రెండు వైపులా రెండు చుట్టలు వేసి, ఒకదానిని బ్యాటరీకి, మరొకదానిని సూది పక్కన సాగే తీగకు కలిపారు. మీరు కడియం బదులు ఆ బోల్టునే వాడవచ్చు. అందులోని 100 చుట్ల మీద కాగితం వేసి, పైన మరో 200 చుట్లు వేసి, ఆ పై చుట్టను రెండు మీటర్ల దూరంలోని పరికరానికి కలపండి. కింది చుట్టను సెల్లుకు ఆన్చిన క్షణంలో సూది ఒక వైపు, తీసిన క్షణంలో రెండవ వైపు ఎగురుతుంది. మధ్యలో కరెంటు ఎంత బాగా పారుతున్నా సూది నిశ్చలంగా ఉంటుంది. తీసేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, చర్మానికి చురుక్కుమనవచ్చు కాబట్టి, గీకిన కొనలను కాకుండా ఎనామెల్ ఉన్న చోట పట్టుకోండి. సూది ఎంతకీ ఎగరకపోతే మొదట గీకిన కొనలు, తరువాత జంట వైరు ముడులు, ఆ తరువాత పెట్టె మీద రెండు సగాల చుట్లు ఒకే దిశలో ఉన్నాయా అన్నది వరుసగా చూసుకోండి.

అన్నీ సర్దేటప్పుడు సెల్లులను విడదీయండి. అయస్కాంతాన్ని మాత్రం దిక్సూచి ఉన్న డబ్బాలో వేయవద్దు. పక్కపక్కనే పడి ఉంటే సూది ధ్రువాలు తారుమారై, మళ్ళీ తెరిచేసరికి ఉత్తర కొన దక్షిణాన్ని చూపవచ్చు.